బహుళ ప్రతిగమనంలో వర్గ చలరాశులు

సంఖ్యతో కొలవలేని, వర్గాలుగా మాత్రమే విభజించగల లక్షణాన్ని సాంఖ్యక శాస్త్రంలో వర్గ చలరాశి లేదా గుణాత్మక చలరాశి అంటారు. నేల రకం, వృత్తి, జిల్లా ఇందుకు ఉదాహరణలు. ప్రతిగమన సమీకరణంలో సంఖ్యలే ఇముడుతాయి కనుక వీటిని 0, 1 విలువలు గల డమ్మీ చలరాశులుగా మార్చి వాడుతారు.

ఉదాహరణ

2016 అక్టోబరు 11న పూర్వపు ఆదిలాబాదు జిల్లాను ఆదిలాబాదు, కొమరం భీం, నిర్మల్, మంచిర్యాల అనే నాలుగు జిల్లాలుగా విభజించారు. ఈ ప్రాంతంలో పత్తి దిగుబడిని వర్షపాతం, జిల్లాల ఆధారంగా అంచనా వేయాలనుకొందాం. జిల్లాలకు వరుసగా 1, 2, 3, 4 అని సంఖ్యలిస్తే, ఆదిలాబాదుతో మంచిర్యాలకు గల తేడా కొమరం భీంకు గల తేడాకు సరిగ్గా మూడు రెట్లని ముందే ఒప్పుకొన్నట్లవుతుంది. నిజానికి ఆ వరుస అక్షరక్రమం మాత్రమే.

కాబట్టి ఆదిలాబాదును ఆధార వర్గంగా ఎంచుకొని, మిగిలిన మూడింటికి మూడు డమ్మీలు ఏర్పరుస్తారు. పొలం నిర్మల్‌లో ఉంటే నిర్మల్ డమ్మీ విలువ 1, లేకుంటే 0. ఆదిలాబాదు పొలానికి మూడూ సున్నాలే.

దిగుబడి = అ + ఆ × వర్షపాతం + ఇ × కొమరం భీం + ఈ × నిర్మల్ + ఉ × మంచిర్యాల + దోషం

ఇందులో 'ఈ' అనే గుణకం, సమాన వర్షపాతం గల నిర్మల్, ఆదిలాబాదు పొలాల సగటు దిగుబడుల తేడాను సూచిస్తుంది.

జాగ్రత్తలు

స్థిరపదం 'అ' ఉండగా నాలుగు డమ్మీలు వాడరాదు. వాటి మొత్తం ఎల్లప్పుడూ 1 కనుక గుణకాలకు ఏకైక విలువలు లభించవు. ఆధార వర్గాన్ని మార్చితే జిల్లా గుణకాలు మారుతాయి గాని అంచనా దిగుబడి మారదు. గుణకం తేడాను చూపుతుందే గాని కారణాన్ని చెప్పదు. నేల, నీటి వసతి సమీకరణంలో లేకుంటే వాటి ప్రభావం జిల్లా గుణకంలో కలిసిపోయి, లోపం జిల్లాదేనన్న భ్రమ కలిగించవచ్చు.