కొలత తప్పినా నవ్వు తప్పని వడ్రంగి

గడపకు పసుపు రాసి బొట్లు పెట్టారు. మామిడాకులు కట్టారు. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. సరిగ్గా ఆ వేళకే ద్వారబంధం పైచెక్క బెజ్జంలోకి దిగనని మొరాయిస్తుంది. ఇంటి యజమాని ముఖం వాడిపోతుంది. "అపశకునమేమో" అని వెనుక నుంచి ఓ ముసలమ్మ గొణుగుతుంది. ఆ క్షణాన వడ్రంగి కూడా కంగారు పడ్డాడా, పని చెడినట్లే. చెయ్యి తిరిగినవాడు మాత్రం ఉలి అందుకుని, "లక్ష్మీదేవి గదమ్మా, నాలుగుసార్లు బతిమాలితే గాని లోపలికి రాదు" అంటాడు. రెండు పెళ్లలు చెక్కి కొడతితో రెండు దెబ్బలు వేస్తాడు. ముసలమ్మతో సహా అందరూ నవ్వుతారు. ముహూర్తం దాటిపోదు.

ఇల్లు కట్టిన ప్రతివారికీ ఇలాంటి ముచ్చట ఒకటి గుర్తుండే ఉంటుంది. నిన్న సాలలో చక్కగా దిగిన చెక్క ఈరోజు దిగకపోవడానికి కారణం శకునం కాదు, రాత్రి కురిసిన వాన. చెక్క తేమ పీలిస్తే వెడల్పున ఉబ్బుతుంది. పొడవులో మాత్రం మార్పు కంటికి ఆనదు. శ్రావణ మాసంలో తలుపులు బిగుసుకుపోవడానికీ ఇదే కారణం. అప్పటికప్పుడు చిత్రిక పట్టమని ఇంటివారు తొందర పెడతారు. మాట విని పట్టేస్తే, ఎండాకాలం వచ్చేసరికి ఆ సందులోంచి పిల్లి దూరుతుంది! అందుకే "మీ తలుపు వానలకు ఒళ్లు చేసిందండీ, ఎండలొస్తే తనే చిక్కుతుంది" అని నవ్వుతూ తప్పించుకోవడం వడ్రంగులకు పరిపాటి. ఇది తప్పించుకోవడంలా కనిపించినా నిజానికి సరైన సలహాయే.

మంచం కోళ్ల సంగతి వేరు. ఒక కోడు అరంగుళం పొట్టి అయిందని మిగతా మూడింటినీ కోస్తాడు కొత్త కుర్రాడు. ఈసారి ఇంకో కోడు పొట్టిగా తేలుతుంది. మళ్లీ కోత. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్నట్లు, మంచం కాస్తా పీట అయి కూర్చుంటుంది. చాలాసార్లు అసలు తప్పు కోడుది కాదు, నేలది. అందుకే మేస్త్రీ ముందుగా మంచాన్ని ఇటునుంచి అటు తిప్పి వేయిస్తాడు. ఊగేది మంచమో, నేల ఎగుడుదిగుడో అప్పుడు తేలిపోతుంది.

ఈ విషయంలో కొండపల్లి బొమ్మల కళాకారులు కొంత అదృష్టవంతులే. వారు వాడే తెల్లపొణికి మెత్తని, తేలికైన కర్ర. బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అంబారీ ఏనుగు చెవి విరిగితే మక్కు ఉంది. కల్లుగీత కార్మికుని చెయ్యి వంకరైతే మక్కు ఉంది. ఆపైన సున్నం పూత, రంగులు. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మల నునుపు వెనుక ఈ మక్కు పనితనం ఎంతో ఉంది.

గుమ్మానికి మక్కు లేదు. పొట్టిగా కోసిన టేకు దూలం మళ్లీ పెరగదు. పైగా కలప సాధారణంగా ఇంటివారు కొన్నదే. "మీ గుమ్మం పిల్లను పెట్టిందండీ, కిటికీకి పనికొస్తుంది" అని వడ్రంగి ఎంత చమత్కరించినా, "కలప మాది, నవ్వు నీదా?" అని యజమాని అడిగితే జవాబు చెప్పుకోవాలి. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మర్యాద గల మేస్త్రీలు తప్పు ముందే ఒప్పుకుని, ఆ ముక్కను నిజంగానే కిటికీకి సర్ది, నష్టాన్ని కూలిలో తగ్గించుకుంటారు. మరికొందరు పగులులో లప్పం కూరి పైన రంగేసి పోతారు. నాలుగు ఎండలు, నాలుగు వానలు గడిచాక లప్పం ఊడి గుట్టు బయటపడుతుంది. అప్పటికి డబ్బు ముట్టి ఉంటుంది గాని, ఆ వీధిలో మరో పని దొరకదు.

లప్పం కూరే అలవాటు చాలామందికి చిన్నతనంలోనే, దెబ్బల భయం వల్ల అబ్బుతుంది. వెనుకటి గురువులు ముక్క పాడైతే కుర్రాడి వీపు విమానం మోత మోగించేవారు. దాంతో కుర్రాళ్లు పాడైన ముక్కను పొట్టు కింద దాచేవారు. అది దొరికేసరికి మరో ముక్క కూడా అదే కొలతకు తెగిపోయి ఉండేది. ఇప్పుడు అలా కొడితే కుర్రాడు సాయంత్రం బస్సెక్కి పట్నం పోతాడు, ఉలి పట్టేవాడు ఉండడు. "ఏరా, గుమ్మం మనుషులకా, కోళ్లకా?" అని నవ్వి వదిలేస్తే, వాడే కొలబద్ద తెచ్చి ఎక్కడ పొరపడ్డాడో చూపిస్తాడు. నవ్విన మేస్త్రీకి ఆ రోజు ఒక్క ముక్కే నష్టం.

కరెంటు రంపాల దగ్గర మాత్రం ఈ సరదాలేవీ చెల్లవు. చేతిరంపం జారితే గీరుకుపోతుంది, తిరిగే బ్లేడు జారితే వేలే పోతుంది. పొద్దంతా హాస్యాలాడే మేస్త్రీ కూడా స్విచ్చి వేశాక నోరు మెదపడు. పక్కనున్నవారిని పలకరించనివ్వడు. పంచె చెంగు ఎగదోపి, కుర్రాణ్ణి రెండడుగులు వెనక్కు నెట్టి, చెక్కను అంచెలంచెలుగా తోస్తాడు. బ్లేడు పూర్తిగా ఆగి, ముక్క చేతికొచ్చి, కొలత చూసుకున్నాకే మళ్లీ మాట కలుపుతాడు. అది పొట్టిదైనా సరే, ముందుగా నవ్వేది ఆయనే.