దావాలో ఓడితే.. గడువే కీలకం
జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు

ఎల్బీనగర్: సివిల్ దావాలో ఓడినవారికి పై కోర్టును ఆశ్రయించే హక్కు ఉంది. అయితే ‘తీరిగ్గా అప్పీలు వేద్దాం’ అనుకుంటే ఆ హక్కే చేజారే ప్రమాదం ఉంది. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులను ఆశ్రయించే కక్షిదారులు ఈ విషయాలను గమనించాలి.

ఏ కోర్టుకు వెళ్లాలి?

స్థిరాస్తి వివాదమైతే ఆస్తి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే దావా వేయాలి. దిల్‌సుఖ్‌నగర్ పరిసరాలలో రెండు జిల్లాల సరిహద్దు ఉంది. స్థలం సరూర్‌నగర్ మండలంలో ఉంటే ఎల్బీనగర్‌కు, సైదాబాద్ మండలంలో ఉంటే హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకు వెళ్లాలి.

జిల్లాలో దావా విలువ రూ.20 లక్షల వరకు జూనియర్ సివిల్ జడ్జి, రూ.50 లక్షల వరకు సీనియర్ సివిల్ జడ్జి, ఆపైన జిల్లా జడ్జి విచారిస్తారు.

అప్పీలు ఇలా..

జూనియర్ సివిల్ జడ్జి తీర్పుపై అప్పీలు జిల్లా కోర్టుకు వెళుతుంది. జిల్లా జడ్జి స్వయంగా విచారించిన దావాపై హైకోర్టుకు వెళ్లాలి. మొదటి అప్పీలులో సాక్ష్యాలనూ, చట్టాన్నీ తిరిగి పరిశీలిస్తారు. హైకోర్టులో రెండో అప్పీలుకు మాత్రం ముఖ్యమైన న్యాయసంబంధ ప్రశ్న ఉండి తీరాలి. రాజీ డిక్రీపైనా, లోక్ అదాలత్ అవార్డుపైనా అప్పీలు ఉండదు. కనుక చదివి, అర్థం చేసుకున్నాకే సంతకం చేయాలి.

నకలుకు వెంటనే దరఖాస్తు

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టులో 90 రోజులు గడువు. తీర్పు, డిక్రీల ధ్రువీకృత నకళ్లు పొందడానికి పట్టిన రోజులను గడువు నుంచి మినహాయిస్తారు. ఉదాహరణకు నకలుకు 12 రోజులు పడితే 30 రోజుల గడువు 42 రోజులవుతుంది. దరఖాస్తు చేయకుండా గడిపిన రోజులకు మాత్రం మినహాయింపు లేదు. గడువు దాటితే జాప్యానికి తగిన కారణం చూపి కోర్టును ఒప్పించాలి.

అప్పీలు వేసినంతనే డిక్రీ అమలు ఆగదు. స్టే కోసం ప్రత్యేకంగా దరఖాస్తు చేసి, ఉత్తర్వు పొందాలి. లేనిపక్షంలో గెలిచినవారు ఎగ్జిక్యూషన్ పిటిషన్ ద్వారా ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు.

న్యాయవాదిని నియమించుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు.