కంప్యూటరులో కాలపు పద్దు



చెఱువు నీటి వంతుల సంగతి మీ రెఱుఁగనిది కాదు. నీరుగంటి గడియ కొకమాఱు గట్టుమీఁదికి వచ్చి, ఆ క్షణమున నెవరి మడికి నీరు పాఱుచున్నదో వారి పేర గడియ యంతయు వ్రాసికొని పోవు ననుకొందము. వానికి శ్రమ తక్కువ. కాని వాఁడు వచ్చు వేళ యెఱిఁగిన రైతొకఁడు, వాఁడు వెడలినంతనే మడవ త్రిప్పుకొని, మరల వచ్చుటకు రెప్పపాటు ముందు మూసివేసినచో? నీరు వీనిది, పద్దు పొరుగువానిది!

కంప్యూటరునందును చాలకాల మిట్టి లెక్కయే నడచినది. ఈ విద్య నేర్చిన నా మనుమఁడు చెప్పఁగా విని, నాకు బోధపడినంత మనవి చేయుచున్నాను. కంప్యూటరులో పని చేయు భాగము ప్రాసెసరు. దాని కాలమును పెక్కు ప్రోగ్రాములకు వంతులవారిగాఁ బంచి, పద్దు వ్రాయు మూల ప్రోగ్రాము కెర్నెలు. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు కెర్నెలు నుదాహరణముగాఁ గొందము.

యంత్రములోని గడియారము సెకనునకు 100 మాఱులు టిక్కుమనుచున్నచో, టిక్కునకు టిక్కునకు నడుమ 10 మిల్లీసెకనులు. టిక్కు పడినపు డేది నడచుచుండునో దానిపై ఆ పదియును వ్రాయఁబడును. ఇఁక ‘క’ యను ప్రోగ్రాము ప్రతి టిక్కు వెనువెంటనే 8 మిల్లీసెకనులు నడచి నిద్రించును. ‘గ’ యనునది మిగిలిన రెండును నడచి టిక్కునకు దొరకును. ఒక సెకనులో ‘క’ వాడినది 800, పద్దు సున్న. ‘గ’ వాడినది 200, పద్దు 1000! పైపెచ్చు, పాపము ‘క’ యేమియు వాడలేదని కెర్నెలు దానికే ముందు వంతు నిచ్చును. ప్రత్యేకాధికారము లేని సామాన్య ప్రోగ్రామైనను ఇట్లు చేయఁగలదని 2007లో సాఫ్రిర్, ఎట్సియన్, ఫైటెల్సన్ అను పరిశోధకులు నిరూపించిరి.

ఇందు చిక్కేమనఁగా, మొత్తము సరిగా 1000 వచ్చును. వెనుక నా తరగతిలో నొక బాలుఁడు రెండు తప్పులు చేసి సరియైన మొత్తము తెచ్చెను. నేను సరియని దిద్దితిని. ప్రక్కబాలుఁడు చూపుదాఁక నా పొరపాటు నాకుఁ దెలియలేదు. మొత్తము కుదిరినంత మాత్రమున పద్దు సత్యము కాదు.

మఱి తప్పు పట్టు టెట్లు? పద్దు నడుగక పొలము నడుగవలెను. ‘గ’కు ఒకటి, రెండు, మూఁడని లెక్కించు పని యొప్పగించి, ఒంటిగా నడిపి, సెకనులో నెంతవఱకు లెక్కించునో చూడవలెను. పిమ్మట ‘క’తోఁ గూర్చి నడుపవలెను. లెక్కింపు అయిదవ వంతునకు దిగియుండఁగా, పద్దు మాత్రము సెకనంతయు ‘గ’దే యనినచో, దోషము పద్దుదే. టిక్కుల వేగము మార్చి చూచినపుడు వంతులు తాఱుమాఱైనచో సందేహము మఱింత తీఱును.

నివారణము సులభము: మడవ తెఱచినపు డొకమాఱు, మూసినపు డొకమాఱు గడియారము చూచి వ్రాయుట. 2007లోనే వెలువడిన లినక్సు 2.6.23 మొదలు వంతులు నిర్ణయించు లెక్క యిట్లే నానోసెకనులలో, అనఁగా సెకనులో నూఱుకోట్లవ భాగములలో, సాగుచున్నది. అయినను ఆ కాలములో ప్రోగ్రాము సొంతపని కెంత, దానికై కెర్నెలు చేసిన పని కెంత యను విభాగము నేఁటికిని కొన్ని యమరికలలో టిక్కును బట్టి కట్టిన యంచనాయే.

పద్దును బట్టి సొమ్ము వసూలగుచోట, పద్దు తప్పినచో నిరపరాధి చెల్లించును. కావున లెక్క వ్రాయువాఁడు ఎప్పుడెప్పుడు కన్ను తెఱచుచున్నాఁడో మొదట విచారింపుఁడు. సెలవు.