నారుకు నీళ్లు కింది నుంచి

పామిడి: సాయంత్రం పచ్చగా నిలబడిన టమాటా నారు తెల్లారేసరికి మొదట్లో మెత్తబడి నేలకు ఒరిగిపోతుంది. పురుగు కనిపించదు. ఎండదెబ్బా కాదు. ‘నిన్ననే కదా నీళ్లు పోశాను’ అని ఇల్లాలు నొచ్చుకుంటుంది. చాలాసార్లు ఆ నీళ్లే నష్టానికి దారి తీస్తాయి.

దీన్ని నారుకుళ్లు తెగులు అంటారు. మట్టిలోని పిథియం వంటి శిలీంధ్రాలు దీనికి మూలం. పైమట్టి ఎప్పుడూ తడిగా ఉన్నా, నారు ఒత్తుగా ఉన్నా ఇవి చెలరేగుతాయి. వసారాలో పెంచే నారుకు ఎండా గాలీ తక్కువ. అందుకే ముప్పు ఎక్కువ. చెంబుతో పైనుంచి పోస్తే లేత కాడలు వంగిపోతాయి, విత్తనాలు ఒకచోటికి కొట్టుకుపోతాయి.

దీనికి ఖర్చులేని ఉపాయం, తడిని అడుగు నుంచి అందించడం. ప్రమిదలోని నూనె వత్తి పట్టుకుని పైకి ఎక్కుతుంది. మట్టి రేణువుల సందుల్లో నీరు కూడా అలాగే ఎక్కుతుంది.

ఎలా చేయాలి?

నారు పోసే ట్రేకు గానీ, చట్టికి గానీ అడుగున చిల్లులుండాలి. కొబ్బరి పొట్టు వాడితే ముందే బాగా తడిపి నింపాలి. ఎండిన పొట్టు నీటిని త్వరగా పీల్చదు. విత్తనం మొలిచే వరకు పైన సన్నగా చిలకరించక తప్పదు. మొలకలు నిలదొక్కుకున్నాక వెడల్పాటి పళ్లెంలో అంగుళం లోతు నీళ్లు పోసి ట్రేను అందులో ఉంచాలి. పైమట్టి రంగు నల్లబడగానే తీసి, నీరు ఓడనివ్వాలి. ఇందుకు అరగంట లోపే చాలు. రాత్రంతా నీళ్లలో వదిలేస్తే గాలి అందక వేర్లు కుళ్లుతాయి.

మళ్లీ ఎప్పుడు? ట్రేను చేత్తో ఎత్తి చూడాలి. తేలికగా ఉంటే పెట్టాలి, బరువుగా ఉంటే ఆగాలి. పళ్లెంలో మిగిలిన నీళ్లు పెరటి చెట్లకు పోయవచ్చు. నారు జబ్బుపడి ఉంటే ఆ నీళ్లను ఇంకో ట్రేకు వాడరాదు.

పామిడి పక్కన పెన్న ఇసుక పైకి పొడిగా కనిపించినా, చెలమ తవ్వితే అడుగున తడి తగులుతుంది. వేరు కూడా తడిని వెతుక్కుంటూ కిందికే దిగుతుంది. వేరు దిగిన నారు చేలో నాటాక త్వరగా తేరుకుంటుంది.

బోరు నీళ్లతో జాగ్రత్త

ఉప్పు నీళ్లయితే పైమట్టి మీద తెల్లటి పొర కడుతుంది. అడుగు నుంచి ఎక్కిన నీరు ఆవిరై, ఉప్పును పైన వదిలేస్తుంది. పదిహేను రోజులకోసారి మంచినీళ్లు పైనుంచి మెల్లగా పోసి, అడుగున కారిపోనివ్వాలి.

ఇంత చేసినా తెగులు రాదన్న భరోసా లేదు. పాత మట్టి, శుద్ధి చేయని విత్తనం కూడా తెగులును తెస్తాయి. కనిపించగానే పడిపోయిన మొక్కలను తీసేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి.

టమాటా నారు నాటడానికి రావాలంటే 25 నుంచి 30 రోజులు పడుతుంది. అది పోతే విత్తనం డబ్బులే కాదు, నెల రోజుల అదనూ పోతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏటా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. ఇక్కడ అదను తప్పితే పంట తప్పినట్టే.

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు పెద్దలు. పోస్తాడు. ఎటునుంచి పోయాలో కూడా తెలిస్తే నారు దక్కుతుంది.