కణాలను నడిపించే కొవ్వు

కొవ్వు అనగానే మనకు నెయ్యి, నూనె, వెన్న గుర్తుకు వస్తాయి. కొవ్వు శరీరానికి శక్తినిస్తుందనీ, కణాల పొరల్లో కొవ్వు పదార్థాలు ఉంటాయనీ మీరు పాఠాల్లో చదువుకున్నారు. కాని కొన్ని కొవ్వు పదార్థాలు ఒక కణం నుంచి మరొక కణానికి కబురు మోసుకుపోతాయని మీకు తెలుసా?

ఆటలో పడి మోకాలు చెక్కుకుపోయిందనుకోండి. చర్మంతో పాటు సన్నని రక్తనాళాలు కూడా తెగుతాయి. కొద్ది రోజుల్లో అక్కడ కొత్త నాళాలు మొలుస్తాయి. రక్తనాళం లోపలి గోడకు బండలు పరచినట్లు ఒకే వరుసలో కణాలు ఉంటాయి. వీటిని అంతఃస్తర కణాలు అంటారు. కొత్త నాళం రావాలంటే ఈ కణాలు చోటు కదిలి ముందుకు పాకాలి. మరి వాటికి కాళ్లు లేవు, కళ్లు లేవు! ఎటు పోవాలో, ఎప్పుడు ఆగాలో ఎవరు చెబుతారు?

ఆ పని చేసే వాటిలో ఒకటి ‘స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్’ అనే కొవ్వు అణువు. పేరు పొడుగ్గా ఉంది కనుక ‘ఎస్-1-పి’ అందాం. ఈ పేరు వెనుక చిన్న కథ ఉంది. లండన్‌లో వైద్యుడుగా ఉన్న థుడికమ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు మెదడులోని రసాయనాలను పరిశీలిస్తూ, అంతుపట్టని ఒక పదార్థాన్ని 1884లో వర్ణించాడు. గ్రీకు పురాణాల్లో పొడుపుకథలు వేసే స్ఫింక్స్ అనే వింత ప్రాణిని తలచుకుని దానికి ఆ పేరు పెట్టాడు. ఆ పొడుపుకథలో ఒక ముడి వీడడానికి వందేళ్ల పైన పట్టింది.

1990లో అమెరికాలో తిమోతీ హ్లా, థామస్ మాసియాగ్ అంతఃస్తర కణాల్లో ఒక కొత్త మాంసకృత్తును గుర్తించారు. దాని నిర్మాణం చూస్తే బయటి కబురును అందుకునే గ్రాహకంలా ఉంది. అయితే ఆ కబురు ఏది? తపాలాపెట్టె కనబడింది గాని అందులో పడే ఉత్తరం ఏదో తెలియలేదు. అది ఎస్-1-పి అని 1998లో హ్లా బృందం తేల్చింది. ఇటువంటి గ్రాహకాలు అయిదు రకాలని ఇప్పుడు మనకు తెలుసు.

ఇక ఇవి పనిచేసే తీరు చూద్దాం. ఎస్-1-పి మొదటి రకం గ్రాహకానికి అతుక్కుంటే, కణం లోపల ‘రాక్’ అనే మాంసకృత్తు మేలుకొంటుంది. దానితో ఆక్టిన్ పోగులు పెరిగి, కణం ముందువైపు పొరను తోస్తాయి. పలచని పాదం వంటిది బయటికి వచ్చి, కింది ఆధారాన్ని పట్టుకుంటుంది. తరువాత వెనుక భాగం ముందుకు జరుగుతుంది. అదే ఎస్-1-పి రెండో రకం గ్రాహకానికి అతుక్కుంటే ‘రో’ అనే మరో మాంసకృత్తు మేలుకొంటుంది. ‘రాక్’ అణగిపోయి నడక ఆగుతుంది. కబురు ఒక్కటే, ఏ గ్రాహకం అందుకున్నదో దానిని బట్టి జవాబు మారుతుంది.

ఈ ఏర్పాటు లేకపోతే ఏమవుతుంది? మొదటి రకం గ్రాహకం లేని ఎలుకల గురించి 2000లో అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. పిండంలో రక్తనాళాలు ఏర్పడ్డాయి. కాని వాటిని బయటి నుంచి చుట్టి బలమిచ్చే కండర కణాలు సరిగా చుట్టుకోలేదు. రక్తస్రావమై ఎలుక పిల్లలు పుట్టకముందే చనిపోయాయి.

రక్తంలో ఎస్-1-పి ఎక్కువ, కణజాలాల్లో తక్కువ. ఎర్రకణాలు, అంతఃస్తర కణాలు దానిని రక్తంలోకి వదులుతాయి. కణజాలాల్లోనేమో దానిని విరిచే ఎంజైము ఉంది. ఈ తేడాయే దారి చూపుతుంది. శోషరస కణుపుల్లోని తెల్లకణాలు ఎస్-1-పి ఎక్కువగా ఉన్న వైపుకు పాకి, చివరకు రక్తంలో చేరతాయి.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బులో మన తెల్లకణాలే మెదడు, వెన్నుపాములలోని నాడుల తొడుగును దెబ్బతీస్తాయి. కీటకాలపై పెరిగే ఒక శిలీంధ్రంలోని పదార్థాన్ని జపాను శాస్త్రజ్ఞులు మార్చి, ఫింగోలిమాడ్ అనే మందు తయారుచేశారు. ఇది తెల్లకణాలకు దారి తెలియకుండా చేసి, వాటిని కణుపుల్లోనే ఆపుతుంది. 2010లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది.

అయితే ఇటువంటి గ్రాహకాలు గుండె కణాలపై కూడా ఉన్నాయి! అందువల్ల మొదటి మోతాదుకు గుండె వేగం తగ్గవచ్చు. రోగిని ఆరు గంటలపాటు కనిపెట్టి చూస్తారు. అయిదింటిలో రెండు రకాలకే అతికే సిపోనిమాడ్ అనే మందు 2019లో అమెరికాలో అనుమతి పొందింది. కాని ఆ రెండింటిలో మొదటి రకమూ ఉంది. మరి గుండె జోలికి పోకుండా తెల్లకణాలను మాత్రమే ఆపే మందు ఎలా ఉండాలి? మీరూ ఆలోచించండి.