ఒక ఇల్లు, అనేక ఉపయోగాలు: స్మారక స్థలంలోని పాత కట్టడాన్ని పరిశోధించడం

పరిచయం

మీరు ఏదైనా స్మారక స్థలానికి వెళ్లినప్పుడు అక్కడి ఫలకం మీద ఒక తేదీ, ఒక పేరు చదివి ఉంటారు. ఆ ఫలకం ఒక ముఖ్యమైన రోజును గుర్తు చేస్తుంది. కాని అక్కడ నిలిచి ఉన్న కట్టడం ఆ రోజుకు ముందూ ఉంది, తరువాతా ఉంది. దానిని ఎవరెవరు, ఎందుకు వాడుకున్నారు? ఈ సంగతి తెలుసుకోవడం కూడా చరిత్రే. ఈ పని చేయడానికి పెద్ద డిగ్రీలు అవసరం లేదు. సరైన ప్రశ్నలు, కొంచెం ఓపిక ఉంటే చాలు.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఒక కట్టడం ఉపయోగాలు మారిన క్రమాన్ని పట్టికగా రాయగలుగుతారు;
- ఏ ఆధారం ఎక్కడ వెతకాలో చెప్పగలుగుతారు;
- ఆధారానికి, ఊహకు తేడా గుర్తించగలుగుతారు.

1. మనం తీసుకున్న ఉదాహరణ

సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీరు అక్కడ ఉంటే ఒక సెలవు రోజున ఈ ఉదాహరణను కళ్లారా చూడవచ్చు. సూరత్‌కు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో నవసారి పట్టణం ఉంది. అక్కడి నుంచి పడమటి వైపు సముద్ర తీరానికి వెళితే దండి గ్రామం వస్తుంది.

1930 మార్చి 12న గాంధీజీ 78 మంది సత్యాగ్రహులతో సబర్మతి ఆశ్రమం నుంచి బయలుదేరి, ఏప్రిల్ 5న దండి చేరారు. ఆ రాత్రి ఆయన బస చేసిన ఇంటి పేరు సైఫీ విల్లా. మరునాడు ఉదయం, ఏప్రిల్ 6న, ఆయన తీరంలో ఉప్పు తీసి చట్టాన్ని ఉల్లంఘించారు. సైఫీ విల్లా నేటికీ నిలిచి ఉంది.

2. మొదట పట్టిక రాసుకోండి

పరిశోధన మొదలుపెట్టేటప్పుడు మీకు తెలిసినంతవరకు కాలక్రమంలో రాసుకోండి.

1930కి ముందు: సముద్రం ఒడ్డున ఒక నివాస గృహం. దావూదీ బోహ్రా ముస్లిం సమాజానికి సంబంధించినది.
1930 ఏప్రిల్: గాంధీజీ బస.
1961: దావూదీ బోహ్రాల మతగురువు సయ్యద్నా తాహెర్ సైఫుద్దీన్ ఈ ఇంటిని జాతికి అప్పగించారు. అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ.
ఆ తరువాత: గాంధీజీ జీవితాన్ని చూపే ప్రదర్శనశాల.
2019 జనవరి 30: దండిలో జాతీయ ఉప్పు సత్యాగ్రహ స్మారకం ప్రారంభమైంది. దానిలో సత్యాగ్రహుల 80 విగ్రహాలు ఉన్నాయి.

ఇప్పుడు పట్టికను మళ్లీ చూడండి. 1930కి, 1961కి మధ్య 31 సంవత్సరాల ఖాళీ కనిపిస్తుంది. ఆ కాలంలో అక్కడ దీపం పెట్టినవారు ఎవరు? ఇల్లు తాళం వేసి ఉందా, మనుషులు నివసించారా? మీ పరిశోధన అసలు మొదలయ్యేది ఈ ఖాళీ దగ్గరే.

3. రికార్డులు ఎక్కడ వెతకాలి?

దండి నేడు నవసారి జిల్లాలో ఉంది. కాబట్టి 1930 నాటి కాగితాలు నవసారి పేరు మీదనే ఉంటాయని అనుకుంటాం. అది పొరపాటు. ఆనాడు దండి బ్రిటిష్ పాలనలోని సూరత్ జిల్లాలో, జలాల్‌పూర్ తాలూకాలో ఉండేది. నవసారి పట్టణమేమో బరోడా సంస్థానంలో ఉండేది. రెండూ పక్కపక్కనే ఉన్నా ప్రభుత్వాలు వేరు.

తరువాత 1960 మే 1న గుజరాత్ రాష్ట్రం ఏర్పడింది. 1964లో సూరత్ జిల్లా నుంచి వల్సాడ్ జిల్లా, 1997లో దాని నుంచి నవసారి జిల్లా ఏర్పడ్డాయి. అంటే ఒకే ఇంటి కాగితాలను సూరత్, వల్సాడ్, నవసారి అనే మూడు పేర్ల కింద వెతకాలి. బొంబాయి ప్రభుత్వపు పాత దస్త్రాలకు ముంబయిలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు కూడా వెళ్లవలసి రావచ్చు.

భూమి ఎవరి పేరున ఉందో తెలుసుకోవడానికి మన పహాణీ, అడంగల్ వంటి రికార్డు గుజరాత్‌లో కూడా ఉంది. దానిని 'సాత్-బార్' అంటారు. కాని ఒక జాగ్రత్త. రికార్డులో పేరున్నవారు, ఇంట్లో ఉన్నవారు, ఆ రాత్రి ఆతిథ్యం ఇచ్చినవారు ఒకరే కావాలని లేదు. ఈ మూడు ప్రశ్నలను విడివిడిగా అడగండి.

4. ఆధారాన్ని తూచి చూడటం

గాంధీజీ రచనల సంపుటాలు మొత్తం 100 ఉన్నాయి. వాటిలో ఉత్తరాల మీద సాధారణంగా స్థలం, తేదీ ఉంటాయి. ఏ తేదీ వరకు 'దండి' అని ఉంది, ఎప్పటి నుంచి 'కరాడి' అని ఉంది అని చూస్తే ఆయన నివాసం మారిన సమయం తెలుస్తుంది. కరాడి దగ్గరలోని మరో గ్రామం. 1930 మే 4 అర్ధరాత్రి దాటిన తరువాత సూరత్ జిల్లా మేజిస్ట్రేట్ పోలీసులతో వచ్చి గాంధీజీని అరెస్టు చేసింది అక్కడి పాకలోనే, సైఫీ విల్లాలో కాదు. ఇంకొక మాట. ఉత్తరం మీద 'దండి' అని ఉన్నంత మాత్రాన అది సైఫీ విల్లాలో కూర్చుని రాసినదని రుజువు కాదు. 'దండి' ఊరి పేరు మాత్రమే.

ఫోటోల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఏప్రిల్ 9న గాంధీజీ సూరత్ దగ్గరి భీమరాడ్‌లో కూడా ఉప్పు తీశారు. ఆయన వంగి ఉప్పు తీస్తున్న ఫోటో కనిపించగానే 'దండి' అని రాసేయకూడదు.

కట్టడం కూడా ఒక ఆధారమే. గోడలో మూసేసిన ద్వారం, తరువాత కట్టిన అడ్డుగోడ, కొత్త గచ్చు కింద కనిపించే పాత నేల: ఇవన్నీ ఉపయోగం మారిందని చెప్పే గుర్తులు. మరమ్మతు జరిగితే ఈ గుర్తులు చెరిగిపోతాయి. అందుకే ముందే కొలతలు, బొమ్మలు, తేదీతో సహా రాసుకోవాలి.

5. ఇదంతా ఎందుకు?

సైఫీ విల్లా కథలో గాంధీజీ ఒక్కరే లేరు. ప్రభుత్వ ఆగ్రహానికి గురయ్యే ప్రమాదం ఉన్నా తలుపు తెరిచినవారు ఉన్నారు. విలువైన ఇంటిని తరువాత జాతికి ఇచ్చినవారు ఉన్నారు. ఒక్క రాత్రినే గుర్తుంచుకుంటే వీరి పేర్లు జారిపోతాయి. కాగితం మీద లేని సంగతులు ముసలివారి జ్ఞాపకాల్లో ఉంటాయి. వారిని ఈ సంవత్సరం అడగకపోతే వచ్చే సంవత్సరం అడగలేకపోవచ్చు.

ఖాళీని ఊహతో మాత్రం నింపకండి. ఆధారం దొరకని చోట 'ఆధారం దొరకలేదు' అని రాయండి. అలా రాయడం తప్పు కాదు, నిజాయితీ. మీ తరువాత వెతికేవారికి అదే దారి చూపుతుంది.

పాఠ్యాంశ ప్రశ్నలు

1. 1930లో దండి ఏ జిల్లాలో ఉండేది?
2. ఉత్తరం మీద 'దండి' అని ఉండటం సైఫీ విల్లాకు రుజువు ఎందుకు కాదు?
3. కట్టడంలోనే కనిపించే రెండు ఆధారాలు రాయండి.

కృత్యం

మీ ఊరిలోని పాత చావిడి, సత్రం లేదా బడిని ఎంచుకోండి. దాని ఉపయోగాలు మారిన క్రమాన్ని పట్టికగా రాయండి. ప్రతి వరుస పక్కన 'ఎలా తెలిసింది?' అనే గడి తప్పక ఉంచండి. ఊరిలో ఇద్దరు పెద్దలను విడివిడిగా అడిగి, వారి మాటలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవలేదో గుర్తించండి.