తిరుపతికి తిరిగొచ్చేస్తున్నారా? 401కే డబ్బును రాత్‌లోకి ఎప్పుడు మార్చుకోవాలి?

అమెరికాలో పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేసి, ఇంక తిరుపతికో చిత్తూరుకో వచ్చేద్దామనుకునేవాళ్లు మన పక్క చాలామందే ఉన్నారు. వాళ్లకుండే సందేహం ఒకటే: "401కేలో ఉండే డబ్బును రాత్ ఐఆర్ఏలోకి మార్చుకోవాలా? మారిస్తే ఎప్పుడు?"

ముందు తేడా చూద్దాం. మామూలు 401కేలో డబ్బు వేసేటప్పుడు పన్ను లేదు, తీసేటప్పుడు ఉంటుంది. రాత్‌లో పన్ను ముందే కట్టేస్తాం. షరతుల ప్రకారం తీసుకుంటే తర్వాత అమెరికాలో పన్ను ఉండదు. మార్చిన మొత్తం ఆ ఏడాది మీ ఆదాయంలో కలుస్తుంది. అందుకే మార్కెట్ ఎట్లుందనే దానికన్నా, ఏ ఏడాది మన పన్ను రేటు తక్కువ అనేది ముఖ్యం.

ఒక లెక్క చూడండి. భార్యాభర్తలిద్దరూ అమెరికా పౌరులు, ఇద్దరి జీతాలతో 24 శాతం శ్లాబులో ఉన్నారు. అప్పుడు 80,000 డాలర్లు మారిస్తే పన్ను 19,200 డాలర్లు. అదే ఉద్యోగం మానేసి వచ్చాక, వేరే ఆదాయమేమీ లేని ఏడాది మార్చారనుకోండి. 2025 లెక్కన స్టాండర్డ్ డిడక్షన్ 31,500 పోతే మిగిలేది 48,500. దానిమీద ఫెడరల్ పన్ను 5,343 డాలర్లే. హెచ్-1బీ మీద ఉండి వచ్చేసి నాన్ రెసిడెంట్ అయినవాళ్లకు మాత్రం మామూలుగా ఈ డిడక్షన్ రాదు. వాళ్ల లెక్క వేరు.

మరి మన దేశంలో? చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకు మామూలుగా రెండు, మూడేళ్లు ఆర్ఎన్ఓఆర్ హోదా ఉంటుంది. ఆ గడువులో అమెరికా ఖాతాల్లో వచ్చే ఆదాయం మీద ఇక్కడ పన్ను పడదు. అంటే అక్కడ జీతం లేదు, ఇక్కడ పన్ను లేదు. మార్చుకోవాలనుకుంటే అనువైన కాలం ఇదే. అంతా ఒకే ఏడాది కాకుండా, కొంచెం కొంచెంగా మార్చుకోవచ్చు.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. విదేశీ రిటైర్మెంట్ ఖాతాల కోసం 2021 బడ్జెట్‌లో 89ఏ సెక్షన్ తెచ్చారు. ఫారం 10-ఈఈ ఇస్తే, ఏటా పెరిగే లాభం మీద కాకుండా, అమెరికాలో పన్ను పడినప్పుడే ఇక్కడా పన్ను. కానీ ఆ సెక్షన్ చెప్పేది, తీసేటప్పుడు ఆ దేశం పన్ను వేసే ఖాతాల గురించి. రాత్‌కు అక్కడ పన్ను లేదు కదా! కాబట్టి ఆర్ఎన్ఓఆర్ గడువు అయిపోయాక, రాత్ లాభాల మీద ఇక్కడ ఏటా పన్ను కట్టాల్సి రావచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లూ మారాయి. సీఏను అడిగేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

కాబట్టి అసలు ప్రశ్న, ముసలితనంలో ఎక్కడుంటారని. పిల్లల దగ్గరికి మళ్లీ అమెరికా వెళ్లిపోయేవాళ్లకు రాత్ బాగా పనికొస్తుంది. ఇక్కడే స్థిరపడేవాళ్లు, అందరూ మారుస్తున్నారు కదా అని మార్చకండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. మార్చినందుకు కట్టే పన్ను వేరే డబ్బులోంచి కట్టండి. యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండకుండా ఖాతాలోంచే తీసి కడితే, తీసినదానిమీద మామూలుగా 10 శాతం జరిమానా అదనం. రెండోది, 2018 నుంచి ఒకసారి మారిస్తే వెనక్కి తిప్పుకునే వీల్లేదు. అందుకే రెండు దేశాల పన్నులూ తెలిసినవాళ్లతో లెక్క వేయించుకున్నాకే సంతకం పెట్టండి.